ఆఖరి వరుసలో ఆరు

“నలభై సిస్టమ్స్‌కీ నువ్వే ఓఎస్ వేసినావా?”

“నేనే వేసినాను మేడం.”

“ఇంకెవరి చెయ్యీ పడలేదు?”

“పడలేదు మేడం.”

నేను ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి. మూడుసార్లూ ఉష అదే జవాబు అదే వేగంతో చెప్పింది. నిజం చెప్పేవాళ్ళు మూడోసారికి విసుక్కుంటారు. ఈ పిల్ల విసుక్కోలేదు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, ఇప్పుడు జనం గుట్టుమట్లు తవ్వే పనిలో ఉన్నదాన్ని. అప్పజెప్పిన జవాబుకూ ఆలోచించి చెప్పిన జవాబుకూ తేడా నాకు తెలుసు. నా పేరు రమాబాయి. నాకు కంప్యూటర్లంటే భయం లేదు, భక్తీ లేదు.

ఎమ్మిగనూరులో ఉషది కంప్యూటర్ రిపేరు షాపు. వెనకే ఇల్లు, ఇంట్లో రెండు మగ్గాలు. నన్ను పిలిపించింది ఆమె తల్లి కస్తూరమ్మ. ఆవిడ తలుపు దగ్గర నేల మీద కూర్చుని నా ముఖమూ కూతురి ముఖమూ మార్చి మార్చి చూస్తోంది. ఉష అన్న సాయినాథ్ కౌంటర్ వెనక లాప్‌టాప్ ఒకటి విప్పి పెట్టుకున్నాడు. షాపు అన్నాచెల్లెళ్ళిద్దరిదీ.

జరిగింది ఇది. రెండు వారాల క్రితం ఆదివారం ఆదోనిలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో ఆన్‌లైన్ ఉద్యోగ పరీక్ష జరిగింది. ఆఖరి వరుసలో ఒక అభ్యర్థి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, తెర మీద బాణం గుర్తు తనంతట తానే తిరుగుతూ జవాబులు పెడుతోంది. ఇన్విజిలేటర్ చూసి కేక పెట్టింది. వెతికితే ఆ వరుసలో ఆరు సిస్టమ్స్‌లో బయటి నుంచి నడిపించే ప్రోగ్రాం ఒకటి దొరికింది. పరీక్షకు వారం ముందు ఆ ల్యాబులో అన్నిటికీ కొత్తగా ఓఎస్ వేసింది ఉష. పరీక్ష నడిపే కంపెనీ ఆమె ఒక్కదానికే గుర్తింపు కార్డు ఇచ్చింది. కార్డు లేనివాళ్ళు సిస్టం ముట్టుకోకూడదు.

కంపెనీ వాళ్ళు హైదరాబాదులోని తమ ఆఫీసు నుంచి ఆదర్శ్ అనే సైబర్ నిపుణుణ్ణి దించారు. సాయంత్రం ఐదింటికి అతని రిపోర్టు పోలీసులకు చేరుతుంది. అందులో ఉన్న పేరు ఒక్కటే.

“నా బిడ్డ అట్లాటిది కాదు బాయమ్మా,” అంది కస్తూరమ్మ. “కేసు పడితే ఎన్నేండ్లకు తేల్తాదో ఏమో. తేలినా దీన్ని ఎవరు పనికి పిలుస్తారు? ఎవరు నమ్ముతారు?”

“నేనూ ఇంకా నమ్మలేదు కస్తూరమ్మా. చూద్దాం,” అన్నాను. ఆవిడకు అది నచ్చలేదు. నచ్చే మాటలు చెప్పేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు.

ఉష వైపు తిరిగాను.

“అప్‌డేట్లు ఎట్ల ఎక్కించినావు?”

మొదటిసారి ఆమె తలెత్తి నన్ను సరిగ్గా చూసింది. పని గురించి అడిగితే ముఖంలో ప్రాణం వచ్చింది.

“మూడు దారులుండాయి మేడం. ఓఎస్ వేసినాక నెట్టు తగిలిస్తే అదే దించుకుంటాది. కానీ పరీక్ష రోజు దాకా ఆ ల్యాబుకు నెట్టు ఇయ్యగూడదని కంపెనీ రూలు. రెండోది, అప్‌డేట్లన్నీ పెన్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పడేసి, ఓఎస్ లేసినాక ఒకదానెనక ఒకటి ఎక్కేట్టు పెట్టేది. సులభమే. కానీ ఒక్కో సిస్టం కాడ గంటకు పైన కూసోవల్ల.”

“మూడోది?”

“ముందే ఇన్‌స్టాలర్‌లోనే కలిపేసేది. ఏది ముందు, ఏది వెనక అనే వరుస తప్పితే మొత్తం చెడిపోతాది. నాకు మూడుసార్లు చెడిపోయింది. నాలుగోసారికి కుదిరింది. కుదిరినాక ఇంక బాధ లేదు, ఓఎస్‌తో పాటే అప్‌డేట్లూ వచ్చేస్తాయి. నూలుకే రంగేసి నేసినట్టు అనుకోండి. నేసినాక రంగు అద్దే పనుండదు. నేను అదే చేసినాను.”

“ఆ రెండ్రోజులూ తిండి కూడా మర్చిపోయింది మేడం,” అన్నాడు సాయినాథ్, స్క్రూ తిప్పుతూనే.

“బాగుంది. అట్ల కలిపితే మంచి కలిపినా చెడు కలిపినా నలభైకీ సమానంగా ఎక్కుతుంది. అవునా?”

“అవును మేడం.”

“మరి ఆరింట్లోనే ఎందుకు దొరికింది?”

ఉష ఒక్క క్షణం కౌంటర్ వైపు చూసి చూపు నేలకు దించేసింది. “తెలీదు మేడం,” అంది.

ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది.

“లేవండి. ఆదోని పోదాం,” అన్నాను. సాయినాథ్ షాపు చూసుకుంటానన్నాడు. కస్తూరమ్మ ఒప్పుకోలేదు. “పోలీసులొస్తే మాట్లాడేకి మగదిక్కు ఉండొద్దా? నువ్వూ రా,” అని కొడుకుని రెక్క పట్టుకుని మరీ నా కారెక్కించింది.

* * *

ల్యాబు తలుపు దగ్గరే ఆదర్శ్ అడ్డం నిలబడ్డాడు. మెడలో కార్డు, చేతిలో లాప్‌టాప్, ముఖంలో నిద్రలేమి. మనిషి మాత్రం తెలివైనవాడని చూడగానే తెలిసింది. అది నాకు కొంచెం చికాకు తెప్పించింది.

“మీరు ఎవరి తరఫున మేడమ్?”

“ఆ పిల్ల తల్లి పిలిస్తే వచ్చాను. కానీ తప్పు ఆ పిల్లదే అయితే మీకంటే ముందు నేనే చెబుతాను.”

“కాలేజీ వాళ్ళు ఒప్పుకున్నారు కాబట్టి లోపలికి రానిస్తున్నాను. ఏదీ మార్చకండి. చూడండి, అంతే.”

“చూడ్డానికే వచ్చాను బాబూ. మార్చేవాళ్ళు ఎప్పుడో వచ్చి పోయారు.”

ఉష, తల్లి, సాయినాథ్ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. కాలేజీ వెనకే జిన్నింగ్ మిల్లు. తలుపు సందు నుంచి దూది నుసి ల్యాబులోకి వచ్చి కీబోర్డుల మీద పడుతోంది. అటెండర్ కాశప్ప ఆ నుసిని గుడ్డతో తుడుస్తూ మమ్మల్ని ఓరగా చూస్తున్నాడు.

మొదటి వరుసలో మొదటి సిస్టం ఆన్ చేశాను. ఎక్కిన అప్‌డేట్ల జాబితా తీశాను. అన్నిటి పక్కనా ఒకే తేదీ, ఫిబ్రవరి పన్నెండు. అది ఉష తన షాపులో వాటిని ఇన్‌స్టాలర్‌లో కలిపిన రోజు. ల్యాబుకు ఇంకా రాకముందు తేదీ. ముందే కలిపిన అప్‌డేట్లు అలాగే కనిపించాలి. రెండో వరుసలో రెండు తీశాను, నాలుగో వరుసలో ఇంకో రెండు. అంతా పన్నెండే.

ఆఖరి వరుసకు వెళ్ళాను. ఆదర్శ్ నా వెనకే వచ్చాడు.

“వీటిని నేను ఆల్రెడీ చూశాను మేడమ్.”

“ప్రోగ్రాం చూసి ఉంటారు. అప్‌డేట్లు చూశారా?”

“అప్‌డేట్లతో మనకేం పని?”

“ఆమె పని అదే కదా.”

జాబితా తెర మీదికి వచ్చింది. తేదీ పన్నెండు కాదు, పదిహేడు. పైగా ఒక్కోదానికీ టైము వేరు. ఒకటి ఎక్కడం అయ్యాక ఇంకోటి, అది అయ్యాక మరోటి. పక్క సిస్టం తీశాను, అలాగే ఉంది. ఆరూ అలాగే ఉన్నాయి. ఆ వరుస చివర్లో, అప్‌డేట్లన్నీ అయిపోయిన నిమిషానికి, బయటి నుంచి నడిపించే ప్రోగ్రాం ఎక్కింది.

ఆదర్శ్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“ముప్ఫై నాలుగు ఒక పద్ధతిలో వేసినవి,” అన్నాను. “ఈ ఆరు ఇంకో పద్ధతిలో వేసినవి. ఫోల్డర్‌లో ఫైళ్ళు పడేసి, ఓఎస్ లేచాక వాటంతట అవే ఎక్కేట్టు పెట్టారు. ఆ ఫోల్డర్‌లో ఏం పడేస్తే అది ఎక్కుతుంది. మీరు ఉష దగ్గర పట్టుకున్న పెన్ డ్రైవ్‌లో ఆ ప్రోగ్రాం దొరికిందా?”

“లేదు. తుడిచేసిందని రాశాను.”

“తుడవలేదు. అన్నీ ఇన్‌స్టాలర్‌లోనే కలిపితే అందులో ఆ ఫోల్డరే ఉండదు. ఈ ఆరింటికి వాడింది వేరే పెన్ డ్రైవ్.”

నేననుకున్నట్టే అతను వెంటనే ఒప్పుకోలేదు.

“రెండు పెన్ డ్రైవ్‌లూ ఆమెవే కావచ్చు కదా మేడమ్. శుభ్రంగా ఉన్నది మాకు చూపించడానికి, రెండోది అసలు పనికి. నేనైతే అలాగే చేసేవాణ్ణి.”

మంచి దెబ్బే. ఇలాంటివాడు నా క్లాసులో ఉండి ఉంటే సంతోషించేదాన్ని. ఇప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

“తేదీ చూడు నాయనా. ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం.”

“అయితే?”

“అమావాస్య.”

అతను నవ్వాడు. “రిపోర్టులో అమావాస్య అని రాయమంటారా? దయ్యాలు వేశాయనా?”

“దయ్యాలకు ఓఎస్ వేయడం రాదు. ఎమ్మిగనూరులో నేసేవాళ్ళ ఇళ్ళల్లో అమావాస్య నాడు మగ్గం ఆడదు. పనిముట్టు తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని వదిలేస్తారు. ఉష వాళ్ళింట్లో మగ్గానికే కాదు, షాపుకూ అదే పద్ధతి అని దారిలో కస్తూరమ్మ చెప్పింది. ఆ రోజు ఉష స్క్రూడ్రైవర్ కూడా పట్టదు. ఓఎస్ వేసిన తేదీలు చూస్తే శనివారం, సోమవారం ఆమె ముప్ఫై నాలుగు చేసింది. మధ్యలో ఆదివారం శివరాత్రి. మంగళవారం అమావాస్య. మిగిలిన ఆరూ బుధవారానికి వదిలింది. ఆమె వచ్చేలోపే ఎవరో వాటిని పూర్తి చేశారు.”

“మీ ఊహ. ఆమే స్వయంగా నలభైకీ నేనే అంటోంది.”

“మీ కార్డు ఆమె ఒక్కదానికే ఇచ్చారు. వేరేవాళ్ళ చెయ్యి పడిందని చెబితే పని పోతుందని అంటోంది.”

కాశప్ప తుడవడం ఆపేసి గుడ్డ పిండుతున్నాడు. పొడి గుడ్డను పిండేవాణ్ణి నేను చూడడం అదే మొదటిసారి.

“కాశప్పా, పదిహేడో తారీకు ల్యాబు ఎవరు తెరిచినారు?”

“నాకు తెలీదమ్మా.”

“తాళం నీ కాడే కదా ఉండేది?”

“నా కాడే... అమ్మా, నా నౌకరీ పోతాది.”

“చెప్పకపోతే పోలీసులు అడుగుతారు. వాళ్ళకు నా అంత ఓపిక ఉండదు.”

వాడు గుడ్డ కింద పెట్టాడు. “ఆ పొద్దు కోసిగిలో మా మామ సచ్చిపోయినాడమ్మా. నేను ఆడికి పోతాంటే షాపు నుంచి మెసేజ్ వచ్చె. కిటికీ మీద తాళం పెట్టి పోయినాను. మరుసునాడు వచ్చి చూస్తే తాళం ఆడనే ఉండె. అంతేనమ్మా, నా పిల్లల మీద ఒట్టు.”

“మెసేజ్ ఉందా?”

ఫోన్ తీశాడు. ఆదర్శ్ లాక్కుని చదివాడు. చదువుతుంటే అతని భుజాలు నిటారుగా అయ్యాయి.

“షాపు నంబరే. వినండి మేడమ్. ‘మిగిలిన ఆరు ఈ రోజు పూర్తి చేస్తాను. తాళం పెట్టి పోండి. ఉష.’ పేరు కూడా రాసింది. మీ అమావాస్య అయిపోయింది.”

నా లెక్క తప్పిందా అని భయపడ్డాను.

“ఆమెను లోపలికి పిలవండి,” అన్నాను.

* * *

ఉష వచ్చింది. వెనకే తల్లి, సాయినాథ్ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆదర్శ్ ఫోన్ ఆమె కళ్ళ ముందు పెట్టాడు.

నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను. మొదటి వాక్యం చదివినప్పుడు ఏమీ కాలేదు. చివర తన పేరు చూడగానే పెదవులు తెల్లబడ్డాయి. తను పంపిన మెసేజ్ చూసినవాళ్ళు అట్ల అయిపోరు. ఆ షాపు ఫోన్ వాడేది ఇద్దరే. చెల్లెలి పని సాయం చేసి పెట్టాడనుకుని ఇన్నాళ్ళూ ఆ పిల్ల అన్న పేరు దాచింది. అతను చెల్లెలి పేరు పెట్టి తాళం తీయించుకున్నాడని ఇప్పుడే తెలిసింది.

“ఇది పంపింది ఎవరు?” అన్నాడు ఆదర్శ్.

“నేనే పంపినాను సార్.”

“ఉషా,” అన్నాను.

“నేనే మేడం. ఆ ఆరూ నేనే వేసినాను. అమావాస్య పొద్దే వచ్చి వేసినాను. రెండో పెన్ డ్రైవ్ కూడా నాదే. రాసుకోండి సార్.”

ఆదర్శ్ లాప్‌టాప్ తెరిచాడు, కానీ రాయలేదు. నా వైపు చూశాడు. గెలిచినవాడి చూపు కాదు అది. ఆ గొంతులో ఏదో తేడా ఉందని అతనికీ అర్థమైంది.

అడగాల్సిన ప్రశ్న ఒకటే మిగిలింది. దాన్ని అడగాల్సింది ఒక్క మనిషినే. అడగకుండా ఉంటే బాగుండుననిపించింది. కానీ ఐదు కావస్తోంది.

“కస్తూరమ్మా, పోయిన అమావాస్య నాడు ఉష యాడుండె?”

“అమ్మా, నువ్వు మాట్లాడొద్దు,” అంది ఉష.

కస్తూరమ్మ కూతురిని చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. సాయినాథ్ తలుపు గడియ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ తొందరపడలేదు. తెగిన పోగు ఎక్కడుందో వెతికేటప్పుడు చూసినట్టు కొడుకు ముఖమంతా చూసింది.

“పాప ఇంట్లోనే ఉండె బాయమ్మా. నా పక్కన కూసోని దీపాలు తుడిచింది. పొద్దు గూకేదాకా గడప దాటలే.”

“అమ్మా!”

“నోర్ముయ్‌వే. నువ్వు జైలుకు పోతే నేను బతకాలనా?” అని ఆవిడ కొడుకు వైపు చెయ్యి చూపించింది. “వీడు లేడు. పొద్దున్నే బండేసుకుని పోయినాడు. యాడికిరా అమావాస్య పూట అంటే, ఆదోనిలో స్నేహితుడు పిల్సినాడన్నాడు. ఏమిరా సాయీ, నువ్వే చెప్తావా, నన్నే అన్నీ చెప్పమంటావా?”

సాయినాథ్ గడియ వదిలేశాడు. “దాని మీదికి వస్తాదనుకోలేదమ్మా. ఎవరికీ తెలీకుండా అయిపోతాది అన్నారు,” అన్నాడు.

“ఎవరన్నారు?” ఆదర్శ్ గొంతు లేచింది.

“ఫోన్‌లో మాట్లాడినారు సార్. నేనూ ఇట్లాటి పరీక్షలు ఏడేండ్లుగా రాస్తాండాను. ఈ యేటితో నా వయసు దాటిపోతాది. ఈ ఒక్క పని చేసిపెడితే వచ్చే నెల పరీక్షలో నన్నూ గట్టెక్కిస్తామన్నారు. ఫైలు పంపినారు. ముందే కలిపేది నాకు రాదు, అది చెల్లికే వస్తాది. ఫోల్డర్‌లో వేసి ఎక్కించినాను.”

కేసు గెలిచానని సంతోషించాల్సిన చోటు అది. నాకు ఏ సంతోషమూ కలగలేదు. ఉష గోడకు ఆనుకుని ఏడుస్తోంది. కస్తూరమ్మ ఏడవలేదు. అయినా నా బుర్రలో ఒక ముడి ఇంకా విడలేదు.

“సాయినాథ్, ఆరు మిగిలింది అనుకోకుండా. సోమవారం మధ్యాహ్నం ఇంకో గంట దొరికి ఉంటే ఉష ఇంకో మూడు చేసేది. నువ్వు ఏ సిస్టమ్స్‌కు వేస్తావో ముందు ఎవరికీ తెలీదు. మరి దొంగ జవాబులు కావలసినవాళ్ళు సరిగ్గా ఆ ఆరు కుర్చీల్లోకే ఎట్ల వచ్చి కూర్చున్నారు?”

“నాకు తెలీదు మేడం. ఏ నంబర్లకు వేసినానో చెప్పమన్నారు, చెప్పినాను. మనుషుల్ని ఆడ కూసోబెట్టేది మేం చూసుకుంటాం అన్నారు.”

నేను ఆదర్శ్ వైపు తిరిగాను. “ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో ఎవరు వేస్తారు? కాలేజీనా?”

“కాదు,” అన్నాడు. గొంతు బాగా తగ్గింది. “మా ఆఫీసు. హైదరాబాదులో.”

“ఎంతమంది చేతిలో ఉంటుంది అది?”

“ఇద్దరు. ఒకాయన మా డైరెక్టర్. నా రిపోర్టులు ఆమోదించేదీ ఆయనే.”

“మీ రిపోర్టు ఇంకా మీ లాప్‌టాప్‌లోనే ఉంది కదా?”

అతను ఫోన్ తీసి చూసి, నా చేతికి ఇచ్చాడు. మధ్యాహ్నమే అతను రిపోర్టు సంతకానికి పంపాడు. దాని కింద డైరెక్టర్ జవాబు ఉంది. వచ్చి పది నిమిషాలు కూడా కాలేదు. రిపోర్టు బాగుంది, ఐదు దాకా ఆగనక్కర్లేదు, పోలీసులకు ఇచ్చేశాం, నువ్వు వెంటనే బయలుదేరి వచ్చెయ్యి.

ఆ రిపోర్టులో ఉన్నది ఉష పేరే. సాయినాథ్ పేరు ఎక్కడా లేదు.

“మీరు నాకు మాట ఇయ్యండి సార్,” అంది కస్తూరమ్మ, మా ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడి. కొడుకు చెయ్యి ఒక చేత్తో, కూతురి చెయ్యి ఒక చేత్తో పట్టుకుని ఉంది. “నిజం చెప్పినాను కదా. నా నోటితో నేనే చెప్పినాను. ఇంక ఒక్కణ్ణే కదా తీసుకుపోయేది? పాపను నాతో ఇంటికి పంపిస్తారు కదా?”

ఆదర్శ్ నా ముఖం చూశాడు, నేను అతని ముఖం చూశాను. పోలీసులు వచ్చేది ఉష కోసమేనని ఆవిడకు ఇంకా తెలీదు.